కరెంటు పోతేనే వచ్చిన వేడినీళ్లు

నాచారంలోని తారామణి రెసిడెన్సీలో ఎవరింట్లో పైపు మూలిగినా ముందు సంజీవరావు తాతను పిలిచి చెయ్యి పెట్టించాలి. ఆ తర్వాతే ప్లంబరును పిలవాలి. ఇది ఏ మీటింగులోనూ రాసుకున్న రూలు కాదు. పిలవకపోతే ఆయన ఎలాగూ వస్తాడు. మెట్ల మీద కూర్చుని అడగని సలహాలు చెప్తాడు. ప్లంబరు పానా కింద పడేసి వెళ్లిపోయేదాకా చెప్తూనే ఉంటాడు. అందుకని జనమే తెలివిగా పెట్టుకున్న రూలు అది.

తాతకు డెబ్బై రెండేళ్లు. ఉండేది మూడో అంతస్తులో. మోకాళ్లు మాత్రం గ్రౌండు ఫ్లోరులోనే ఆగిపోయాయని నానమ్మ రూతమ్మ అంటుంది. జనగామ దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో ఒక రేకు పెట్టెతో వచ్చి, నాచారంలోని ఒక మందుల కంపెనీలో హెల్పరుగా చేరాడు. మొదట బాయిలరుకు బొగ్గు ఎత్తాడు. తర్వాత ఆవిరి పైపులు బిగించడం నేర్చుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు అదే పని. బాయిలరులో పుట్టిన ఆవిరి ఏ షెడ్డుకు ఎంత పోవాలో, ఎక్కడ ఆగాలో ఆయనే చూసేవాడు. కంపెనీలో ముగ్గురు సంజీవరావులు ఉండేవారు గనక ఈయనను స్టీము సంజీవరావు అనేవారు. మిగతా ఇద్దరినీ ఏమనేవారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. వాళ్లకు పేరు పెట్టేంత పని లేదని ఆయన అభిప్రాయం.

ఆయన వేడి చూసేది చేతి వెనక వైపుతో. పైపుకు ఆనించి, కళ్లు మూసి, "డెబ్బై రెండు డిగ్రీలు" అంటాడు. ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజినీరు కుర్రాడు మీటరు పెట్టి డెబ్బై ఒకటి చూపించాడట. మీటరు రిపేరుకు పంపమన్నాడట తాత. ఈ కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. రిటైరయ్యాక ఆ చెయ్యి ఖాళీగా ఉండలేకపోయింది. టీ గ్లాసు, అన్నం గిన్నె, ఇస్త్రీ పెట్టె, చివరికి మనవల నుదురు కూడా దానికి పనే. ఆ చెయ్యి పుణ్యమాని బడి ఎగ్గొట్టడానికి ఒక్క జ్వరం కూడా నిలబడలేదు.

అలాంటి మనిషికి వేడినీళ్ల దగ్గరే చిక్కొచ్చింది.

తారామణి రెసిడెన్సీలో పదహారు ఇళ్లు. ముందు వైపు ఎనిమిది, వెనక వైపు ఎనిమిది. అందరికీ కలిపి టెర్రస్ మీద ఒక సోలార్ హీటరు ఉంటుంది. పాత సెట్టు పదేళ్లు నడిచి, బోరు నీళ్ల ఉప్పు పట్టి, గొట్టాలు మూసుకుపోయి చచ్చింది. నవంబరులో దాన్ని తీసేసి కొత్తది పెట్టించారు. పనిలో పనిగా, పై అంతస్తుల్లో చన్నీళ్లు సన్నగా వస్తున్నాయని, చన్నీళ్ల లైనుకు ఒక చిన్న ప్రెషర్ పంపు కూడా బిగించారు. కంపెనీ వాళ్లు కొత్త ట్యాంకు నిలబెట్టి, సాయంత్రం కాగానే సామాను సర్దుకుని పోయారు. ట్యాంకు నుంచి కిందికి దిగే రెండు వేడినీళ్ల లైన్లనూ కలిపింది వాచ్‌మన్ పోశయ్య.

మర్నాటి నుంచి ముందు వైపు ఎనిమిది ఇళ్లకు పొగలు కక్కే నీళ్లు. వెనక వైపు ఎనిమిది ఇళ్లకు ఫ్రిజ్జులోంచి తెచ్చినట్టున్న నీళ్లు. డిసెంబరు వచ్చింది. వెనక వాళ్లు బకెట్లలో రాడ్లు వేసుకుని, ముందు వాళ్లను చూసి పళ్లు కొరుకుతున్నారు. సంజీవరావు తాతది వెనక వైపే.

అసోసియేషన్ ప్రెసిడెంటు సీతారామయ్య గారు సర్కారు ఆఫీసులో ఫైళ్ల మధ్య బతికి రిటైరైన మనిషి. ఏదైనా కాగితం మీదికి ఎక్కితే తప్ప ఆయనకు నిద్ర పట్టదు. ఇప్పుడు కాగితం లేదు గనక వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆయన తాత దగ్గరికి వచ్చి, "సంజీవరావు గారూ, మీరు పైకి వచ్చి ఒక రిపోర్టు ఇవ్వాలి. మీ మాటంటే అందరికీ గురి" అన్నాడు.

లిఫ్టు టెర్రస్ దాకా పోదు. ఆ మెట్లు ఎక్కడానికి తాతకు ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో మూడు చోట్ల, పైపులు పరిశీలిస్తున్నట్టు నటిస్తూ ఆగాడు. పైకెళ్లి ట్యాంకుకు చెయ్యి ఆనించాడు. అరవై ఐదు. బాగుంది. ముందు లైనుకు ఆనించాడు. అరవై. బాగుంది. వెనక లైనుకు ఆనించాడు. చల్లగా ఉంది.

లైనులో గాలి ఇరుక్కుందేమోనని జాయింటు వదులు చేయించాడు. రెండు సార్లు బుస్సుమని నీళ్లొచ్చాయి. గాలి లేదు. వాల్వు చూశాడు. పూర్తిగా తెరిచే ఉంది. పైపులో చెత్త అడ్డం పడిందేమోనని విప్పించి బకెట్లోకి వదిలించాడు. ధారగా దిగింది. ఇక ఆయనకు తెలిసిన కారణాలన్నీ అయిపోయాయి.

పక్కనే సీతారామయ్య గారు ఫోను తెరిచి, వేలు గాల్లో పెట్టి నిలబడ్డాడు. నాకు తెలియడం లేదు అని చెప్పడానికి అది మంచి సమయం. కానీ ఆ మాట తాత నోట ముప్పై నాలుగేళ్లలో ఎవరూ విన్నది లేదు.

"ఇంకేముంది, జాయింటే తప్పు," అన్నాడు. "జేసినోనికి లైను తెల్వది."

పోశయ్య అక్కడే ఉన్నాడు, చేతిలో పానాతో. "నేను సక్కగనే పెట్టిన సారూ," అన్నాడు. ఆ వారంలో ఆ జాయింటును రెండుసార్లు విప్పి మళ్లీ బిగించాడు. వెనక లైను చల్లగానే ఉంది.

పోశయ్య, భార్య వెంకటనర్సమ్మ, కూతురు కావ్య పార్కింగు పక్కనున్న ఒంటిగదిలో పదకొండేళ్లుగా ఉంటున్నారు. వెంకటనర్సమ్మ అయిదిళ్లలో పని చేస్తుంది. కావ్య బోడుప్పల్‌లో ఇంటర్ రెండో సంవత్సరం. గ్రూపులో సీతారామయ్య గారి మెసేజి వచ్చింది. నిపుణుల అభిప్రాయం ప్రకారం పని తెలియని మనిషి చేత పని చేయించడం వల్ల ఇబ్బంది కలిగిందని, ఉప్పల్‌లోని ఒక ఏజెన్సీ నుంచి సెక్యూరిటీ మనుషులను పెట్టుకుందామని, పోశయ్య నెలాఖరుకు గది ఖాళీ చేయాలని, ఆదివారం పది గంటలకు పార్కింగులో మీటింగు పెట్టి తీర్మానిద్దామని. ఆ నిపుణులు ఎవరో అందరికీ తెలుసు. తాత ఆ మెసేజిని కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, ఫోను బోర్లించి పెట్టాడు.

శుక్రవారం పొద్దున కరెంటు వాళ్లు లైను పనుల కోసం పది నుంచి పన్నెండు దాకా కరెంటు తీసేశారు. పన్నెండున్నరకు వెనక వైపే రెండో అంతస్తులో ఉండే పద్మశ్రీ వచ్చింది. నాచారంలోనే ఒక ల్యాబులో రాత్రి షిఫ్టు ఉద్యోగం ఆమెది. తెల్లారి పడుకుని పగలు లేస్తుంది.

"అంకుల్, నవ్వకున్రి. మీకొక తమాషా చెప్త," అంది. "ఇయ్యాల మా ఇంట్ల వేడినీళ్లు వచ్చినయ్."

"ఎప్పుడు?"

"కరెంటు లేనప్పుడు. పదకొండింటికి లేసి నల్లా తిప్పిన. మస్తు వేడి. మంచిగ తానం జేసిన. కరెంటు రాంగనే సల్లబడ్డయ్. సోలార్ నీళ్లు కరెంటు పోతే వచ్చుడేంది అంకుల్? ఎండతోని నడిచేదానికి కరెంటుతోని పగేంది?"

నానమ్మ నవ్వింది. తాత నవ్వలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, బాత్రూములోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పద్మశ్రీ నానమ్మ వైపు చూసింది. "మందులు మార్చిన్రు గద, గట్లనే ఉంటది," అంది నానమ్మ.

తాత పోయింది వేరే పని మీద. ఆ బాత్రూములో గోడకు ఒక నల్లా ఉంది. నానమ్మ వేళ్లు కీళ్లవాతంతో వంకర తిరిగిపోయాయి. వేడికొకటి, చల్లకొకటి తిప్పే మరలు ఆమె తిప్పలేకపోయేది. ఒకసారి వేడిది ఒక్కటే తిరిగి చెయ్యి బొబ్బలెక్కింది. అయిదేళ్ల కిందట తాత ఆ రెండు మరల మిక్సరు నల్లాను పీకేశాడు. వేడినీళ్ల పైపునూ చన్నీళ్ల పైపునూ గోడ దగ్గరే ఒకదానితో ఒకటి కలిపేసి, ఆమె ఒంటికి సరిపడేలా రెండు వాల్వులనూ కొలిచి తెరిచి, మనవలు తిప్పుతారని వాటి పిడులు ఊడదీసి డబ్బాలో పడేశాడు. చివర ఒకే ఒక పొడవాటి చెయ్యున్న నల్లా పెట్టాడు. నానమ్మ దాన్ని మోచేత్తో నెడితే చాలు, గోరువెచ్చని నీళ్లు. చుట్టాలొస్తే తాత వాళ్లకు ముందు మంచినీళ్లు ఇచ్చి, తర్వాత ఆ నల్లా చూపించేవాడు.

ఇప్పుడు ఆ నల్లా ముందు నిలబడి ఆయన మొత్తం చూశాడు. చూడడానికి చెయ్యి కూడా పెట్టనక్కర్లేదు. నల్లా మూసి ఉన్నా దాని వెనక రెండు పైపులూ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకునే ఉన్నాయి. ఇన్నాళ్లూ రెండు లైన్లకూ ఒకటే ఒత్తిడి గనక ఏ లైను నీళ్లు ఆ లైనువే. నవంబరులో చన్నీళ్లకు పంపు బలం వచ్చింది. ఆ బలంతో చన్నీళ్లు ఈ గోడలోంచే వేడినీళ్ల లైనులోకి దూరి, మొత్తం వెనక వైపునంతా నింపేస్తున్నాయి. పంపు ఆగితే దూరడం ఆగుతుంది. అందుకే కరెంటు పోయినప్పుడు వేడి వచ్చింది.

ఇలా రెండు లైన్లు కలిపిన చోట నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వు పెట్టాలి. అది లేకుండా కలిపినందుకు కంపెనీలో ఎంతమంది కుర్రాళ్ల మీద అరిచాడో తాతకే లెక్క లేదు. ఒకణ్ని ఏడిపించాడు కూడా. ఇంట్లో మాత్రం, ఇంటి పనే కదా అని వదిలేశాడు.

కటింగ్ ప్లేయరు తెచ్చి వేడినీళ్ల వాల్వు మూశాడు. పావుగంట కాలేదు, వెనక వైపు కిటికీల్లోంచి మాటలు మొదలయ్యాయి. నీళ్లు కాలుతున్నాయని ఒకరు, మీకూ వచ్చాయా అని ఒకరు. తాతకు ప్రాణం లేచొచ్చింది. పని అయిపోయింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. వేడినీళ్లొచ్చాక పోశయ్యను ఎందుకు పంపుతారు?

లిఫ్టు దగ్గర సీతారామయ్య గారు ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశారా సంజీవరావు గారూ, గది ఖాళీ చెయ్యమన్నామో లేదో, వేడినీళ్లు వాటంతటవే వచ్చేశాయి. నాకు ముందునుంచీ అనుమానమే. వాడే ఎక్కడో తిప్పి పెట్టాడు. భయపడి ఇప్పుడు వదిలాడు."

తాత నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి "ఊఁ" అని మాత్రమే వచ్చింది. లిఫ్టు వచ్చింది. సీతారామయ్య గారు వెళ్లిపోయాడు.

ఇంట్లోకి వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. వాల్వు మూస్తే పోశయ్య దొంగ అయ్యాడు. అయితే తెరవాలి. వెళ్లి తెరిచాడు. సాయంత్రానికి వెనక వైపు మళ్లీ చల్లబడింది. గ్రూపులో మెసేజి వచ్చింది: "మనం గుర్తుపట్టామని తెలిసి కక్ష కట్టి మళ్లీ ఆపినట్లున్నాడు. ఆదివారం అందరూ తప్పక రావాలి." తాత మళ్లీ వెళ్లి, ఈసారి సగం మూశాడు. నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. సీతారామయ్య గారు దానికి కూడా ఒక అర్థం చెప్పాడు.

జీవితమంతా వాల్వులు తిప్పిన మనిషికి, ఎటు తిప్పినా ఒకడి మెడ మీదే బిగుస్తున్న వాల్వు ఇదొక్కటే తగిలింది. శనివారం పొద్దున మళ్లీ పూర్తిగా మూసి, కుర్చీలో కూర్చుని, గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. కొడుకు, కోడలు డ్యూటీలకు వెళ్లేటప్పుడు పలకరిస్తే ఒంట్లో బాగోలేదన్నాడు. ఎవరైనా నుదురు పట్టి చూద్దామంటే తలుపు వైపు తిరిగిపోయాడు.

పదకొండింటికి పోశయ్య వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"సారూ, జర ఒక మాట. మీరు చెప్తె ప్రెసిడెంటు సారు ఇంటరు. జాయింటు మంచిగనే ఉందని రేపు మీటింగుల ఒక్క మాట చెప్పున్రి. పైకొచ్చి మల్లొక్కసారి సూడున్రి, నేను పట్టుకొని ఎక్కిస్త."

"సూద్దాం తియ్యి పోశయ్యా."

"సూద్దామంటె ఏంది సారూ. రేపే గద."

తాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మొహం మీద చెమట ఏమీ లేదు.

"మా ఆమె ఏడుస్తుంది," అన్నాడు పోశయ్య. "నేను ఏడుస్త లేను. నేను ఏం తిప్పలే, ఏం మూయలే. గా సంగతి నాకు ఎర్కనే. గా మాటనే ఎవ్వరు ఇంట లేరు."

అతను వెళ్లాక కూడా తాత గుమ్మం వైపే చూస్తున్నాడు. చెప్పడానికి ఆయన దగ్గర రెండు వాక్యాలున్నాయి: తప్పు నాది, పోశయ్యది కాదు. రెండూ చిన్నవే. మొదటిది చెప్దామంటే, నల్లా చూపించిన చుట్టాల దగ్గర్నుంచి ఏడిపించిన కుర్రాడి దాకా అందరూ గుర్తొస్తున్నారు. ఇంకో కారణం కూడా ఆయన కూడగట్టుకున్నాడు. నిజం చెప్తే రూతు నల్లా పీకేయమంటారు. పాపం ఆమె వేళ్లు. ఈ కారణం ఆయనకు చాలా నచ్చింది. దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం నానమ్మ స్నానానికి వెళ్లి, మోచేత్తో నల్లా నెట్టి, వెంటనే బయటికొచ్చింది.

"ఏమయ్యా, కింద పద్మ కాడ వేడి, పక్కింట్ల వేడి. అందరికి వస్తుంటె మనకే సల్లగెందుకున్నయ్?"

"వాషరు పోయినట్టుంది."

"వాషరు పోతె కారుతది గని సల్లబడ్తదా? యాభై ఏండ్లు నీతోని సంసారం జేసిన. గా మాత్రం ఎర్క లేదా?"

తాత లేచి బాత్రూము తలుపు దగ్గరికి వేశాడు.

"నిన్న మాపటికి మనకు వచ్చినట్టే అందరికి సల్లగ. ఇయ్యాల అందరికి వచ్చింది, మనకే రాలే. నా నల్లాకు, ఊరందరి నీళ్లకు ఏం సంబంధం?"

తాత చెప్పాడు. నేల వైపు చూస్తూ, పంపు గురించి ఎక్కువా, తన గురించి తక్కువా చెప్పాడు. నానమ్మ మంచం అంచున కూర్చుని మొత్తం విన్నది.

"మరి పోశయ్య?"

"గదే ఆలోచిస్తున్న. చెప్తె నల్లా తీయమంటరు. నీ వేళ్లు సూస్తె..."

"నా వేళ్ల మీద పెట్టకు," అంది నానమ్మ. గొంతు పెంచలేదు. "బకెట్ల కలుపుకొని పోసుకుంట. నేనేం నల్లాతోని పుట్టలే."

ఆ తర్వాత ఆమె రాడ్డుతో నీళ్లు కాచుకుని స్నానం చేసింది. మర్నాటి దాకా తాతతో ఆ సంగతి ఎత్తలేదు. అన్నం పెట్టింది, మాత్ర చేతికిచ్చింది, టీవీ చూసింది. తిట్టి ఉంటే తాత ఎదురు తిట్టేవాడు, కాస్త తేలికపడేవాడు. ఆ దారి కూడా ఆమె మూసేసింది.

ఆదివారం తొమ్మిదింటికి నానమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని, తాత వైపు చూసింది. తాత లుంగీలోనే ఉన్నాడు. "మోకాళ్లు," అన్నాడు. ఆమె తల ఊపి, హబ్సిగూడ చర్చికి ఆటోలో ఒక్కతే వెళ్లింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె ఒక్కతే చర్చికి వెళ్లడం ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పది గంటలకు తాత ప్యాంటు, తెల్లచొక్కా వేసుకుని కిందికి దిగాడు. పార్కింగులో పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. గది గుమ్మం దగ్గర పోశయ్య కుటుంబం నిలబడి ఉంది. వాళ్ల వెనక తాడుతో కట్టిన పుస్తకాల కట్ట ఒకటి కనబడుతోంది. సీతారామయ్య గారు కాగితం చూసి తీర్మానం చదవడం మొదలుపెట్టాడు. రెండో పేరాలో నిపుణులన్న మాట వచ్చేసరికి తాత లేచి నిలబడ్డాడు.

ఆయన జీవితంలో జనం ముందు నిలబడి మాట్లాడింది చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడే. ఇంకో తీరు ఆయనకు రాదు.

"అందరికి వందనాలు," అన్నాడు. "నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు మీకు, దేవునికి స్తోత్రం."

ఎవరో దగ్గారు. చర్చిలో సాక్ష్యమంటే పాపంతో మొదలై, మేలుతో ముగుస్తుంది. తాత సాక్ష్యం పాపం దగ్గరికి వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"పోశయ్య పెట్టిన జాయింటు మొదటి దినం నుంచే మంచిగుంది. తప్పు నాది. మా బాత్రూముల నేను జేసిన కనెక్షన్ తోని సల్ల నీళ్లు వేడి లైన్ల కలుస్తున్నయ్. శుక్రారం, శనారం వేడి వచ్చుడు పోవుడు గూడ నేను తిప్పిందే."

సీతారామయ్య గారు కాగితం మడిచి, మెత్తగా నవ్వాడు.

"మీ మంచితనం మాకు తెలియనిదా సంజీవరావు గారూ. ఆ మనిషి మీద జాలితో నింద మీ మీద వేసుకుంటున్నారు. మీరు లైను తప్పు కలపడమంటే ఎవరు నమ్ముతారు?"

"క్రిస్మస్ నెల గద," అని వెనక నుంచి ఒకరు సాయం చేశారు. అందరూ తలలు ఊపారు.

తాత ఆ కుర్చీల మధ్య అటూ ఇటూ చూశాడు. ముప్పై నాలుగేళ్లు కష్టపడి కట్టుకున్న పేరు ఇప్పుడు నాలుగు వైపులా గోడలా నిలబడి, బయటికి పోనివ్వడం లేదు. తప్పు ఒప్పుకుందామన్నా ఒప్పుకోనిచ్చేవాడు లేడు.

"అయితే రాండ్రి," అన్నాడు. "సూపిస్త."

లిఫ్టు నలుగురికే గనక మూడు విడతలుగా ఎక్కారు. బాత్రూములో ముగ్గురు పట్టారు, గుమ్మంలో నలుగురు, మిగతావాళ్లు మంచం దాకా. నానమ్మ లోలంగాలు తాడు మీద ఆరుతున్నాయి. సీతారామయ్య గారు వాటిని చూడకుండా ఉండటానికి పైకి చూస్తూ నిలబడ్డాడు. పద్మశ్రీ కింద తన ఇంట్లో నల్లా తిప్పి, ఫోను స్పీకరులో ఉంది. పోశయ్య గుమ్మం బయట, అందరి వెనక.

తాత ప్లేయరుతో వాల్వు తెరిచాడు. రెండు నిమిషాలకు ఫోనులోంచి, "పోయింది అంకుల్, సల్లబడ్డది," అని వినిపించింది. మూశాడు. కాస్త ఆగితే, "వచ్చింది." సీతారామయ్య గారు ఇంకోసారి చూపించమన్నాడు. తెరిచాడు. పోయింది. మూశాడు. వచ్చింది.

"ఇది యాదృచ్ఛికం కాదంటారా?" అన్నాడు సీతారామయ్య గారు.

తాత ప్లేయరును మూడోసారి వాల్వుకు బిగించాడు. "కాదు సార్. ఒకవైపే పోయే వాల్వు పెట్టాలె. పెట్టలే. అప్రెంటిస్ పోరగాడు గూడ జేయడు గిట్ల."

గుమ్మంలో ఉన్నవాళ్లలో ఒకరు కిసుక్కున నవ్వారు. ఇంకొకరు అది ఆపబోయి తాను నవ్వారు. తాత ఆ నవ్వంతా వాషింగ్ మెషీనుకూ గోడకూ మధ్య నిలబడి విన్నాడు. బయటికి రావడానికి దారి లేదు. అడ్డంగా సీతారామయ్య గారున్నాడు.

"ఏజెన్సీ వాళ్లకు మాట ఇచ్చేశామండీ," అన్నాడు ఆయన, కొంచెం నీరసంగా.

"మీరు నా మాట పట్టుకొని ఇచ్చిన్రు. నా మాటనే తప్పాయె. మల్ల గ్రూపుల రాయున్రి. నా పేరు పెట్టే రాయున్రి."

సీతారామయ్య గారు ఒక వేలితో టైపు చేస్తాడు. అది పంపేదాకా తాత అక్కడే నిలబడ్డాడు. పోశయ్య గది పోశయ్యకే ఉంటుందని, వెనక లైను లోపం మూడో అంతస్తు సంజీవరావు గారి ఇంట్లోనిదని. నిపుణులు అనే మాట ఈసారి రాలేదు. అందరి ఫోన్లూ ఒకేసారి టింగుమన్నాయి. ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

పోశయ్య వెళ్లలేదు. బాత్రూము గుమ్మం దాకా వచ్చి, గోడలోని పైపుల వైపు చూశాడు.

"తప్పయింది పోశయ్యా," అన్నాడు తాత.

"మీకు ఎప్పుడు ఎర్కయింది సారూ?"

తాత ఇంకో అబద్ధం చెప్పగలిగేవాడే. "శుక్రారం," అన్నాడు.

"శుక్రారం నుంచి నా బిడ్డ పుస్తకాలు సదురుతుంది."

ఆ మాట అని మెట్లు దిగాడు. వెళ్లిపోయాడనుకున్నాడు తాత. కానీ గంట తర్వాత మల్లాపూర్ రోడ్డు మీది హార్డువేరు షాపు సంచితో తిరిగొచ్చాడు. అందులో నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వులు రెండున్నాయి. తెమ్మని ఎవరూ చెప్పలేదు. అప్పటికి నానమ్మ చర్చి నుంచి వచ్చింది. కింద ఎవరో చెప్పేసినట్టున్నారు, ఏమీ అడగలేదు. టీ పెట్టి ఇస్తే, పని అయ్యాక తాగుతానన్నాడు పోశయ్య.

"నల్లా తీసేస్తవా?" అంది నానమ్మ.

"తీసుడెందుకమ్మా. నల్లా మంచిగనే ఉంది. దాని ఎనకదే సక్కగ లేదు." చొక్కా విప్పి తలుపుకు తగిలించి, పైపుల కింద చతికిలబడ్డాడు.

తాత ప్లాస్టిక్ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి పానా మీదికి పోయింది. పోశయ్య తల తిప్పకుండానే ఆ పానా తీసి తనకు అవతలి వైపు పెట్టుకున్నాడు. జేబులోంచి ఒక చిన్న టార్చి తీసి తాత చేతికిచ్చాడు.

"మీరు గిది పట్టున్రి సారూ. కదలకున్రి."

తాత పట్టుకున్నాడు. కాసేపటికి మోకాళ్లు లాగడం మొదలుపెట్టాయి. లేద్దామంటే పోశయ్య కాళ్లు అడ్డం. అతను పాత జాయింటు విప్పి, నీళ్లు కారకుండా మరకు చుట్టిన పాత దారం తీసేసి, కొత్త దారం చుడుతున్నాడు. మూడు చుట్లు ఎక్కువ చుడుతున్నాడని తాతకు అనిపించింది. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"జర పైకి, సారూ," అన్నాడు పోశయ్య. తాత టార్చి జర పైకెత్తాడు.